బరంపురం పాత ఇళ్ళను ఫోటో తీసి దాచడం ఎలా

ఒడిశాలోని బరంపురంలో నాది పెళ్ళి ఫోటోల స్టూడియో. పెళ్ళి ఫోటోలో మొహం మీద మచ్చ ఉంటే చెరిపేస్తాం. పాతింటి ఫోటోకి ఆ మచ్చే కావాలి. గోడ బీట, దూలానికి పట్టిన చెద, తలుపు మీద పొరలు పొరలుగా లేచిన రంగు అన్నీ పడాలి. రేపు ఇల్లు పడగొట్టి మేడ లేపేశాక, ఆ ఫోటో చూసి మేస్త్రి ద్వారబంధం కొలత చెప్పగలగాలి. పారిస్‌లో 1860ల్లో పాత వీధులు కూల్చే ముందు అక్కడి నగరపాలకులు ఛార్ల్ మార్విల్ అనే ఫోటోగ్రాఫర్‌తో 400కి పైగా ఫోటోలు తీయించి పెట్టుకున్నారు.

ముందు వీధి పని. పెద్దబజారు వైపు వెనక్కి జరగడానికి చోటుండదు. అందుకని ఫోన్ కెమెరాలో 0.5 (ఎక్కువ వెడల్పు పట్టే లెన్స్) నొక్కేస్తారు, అంచుల్లో స్తంభాలు సాగిపోతాయి. ఎదురింటి వాళ్ళనడిగి అరుగెక్కి, మామూలు 1ఎక్స్ లెన్స్‌లోనే ముక్కలుగా తీయండి. ఒక ఫోటోలో మూడో వంతు పక్క ఫోటోలోకీ రావాలి. బళ్ళు మొదలవకముందే, పొద్దున్నే వెళ్ళండి. ఊరి అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్ర రోజుల్లో మాత్రం వద్దు, పందిళ్ళ వెనక ఇల్లే కనబడదు.

కెమెరా పైకెత్తితే గోడలు వెనక్కి పడుతున్నట్టొస్తాయి. యాప్‌లో నిటారు చేసేయొచ్చంటారు గానీ, నిజంగా ఒరిగిన గోడ కూడా అందులో నిటారైపోతుంది! స్టాండు మీద స్పిరిట్ లెవెల్ (రసమట్టం) పెట్టి కెమెరాని సరిచూసుకోండి. అనుమానమున్న గోడ పక్కన మేస్త్రి గుండు దారం వేలాడదీసి తీస్తే ఎంత ఒరిగిందో ఫోటోయే చెబుతుంది. పది సెంటీమీటర్లకోసారి నలుపు, తెలుపు రంగేసిన మీటరు కర్ర ఒకటి ప్రతి ఫోటోలో ఉండాలి.

లోపల ఫ్లాష్ వద్దు. కిటికీ వెలుగుకొకటి, గదికొకటి, చీకటి మూలకొకటి, వెలుతురు ఎక్కువ తక్కువలు మార్చి మూడు ఎక్స్‌పోజర్లు తీయండి. గది నాలుగు మూలల నుంచీ తీశాక, పైకప్పు దూలాలు, నేల గచ్చు, గోడ గూళ్ళు. పట్టు నేసిన ఇళ్ళలో మగ్గం అమ్మేసినా, నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే గుంట ఉండిపోతుంది, దాని మీద పలక వేసి మంచం వేసుంటారు. మంచం జరపమని అడగండి, ఆ గుంటని కర్రతో సహా తీయండి. ఆరేసిన బట్టలు, క్యాలెండర్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఒకసారి ఫోటో తీశాకే పక్కకి జరిపించండి.

అడగడం కూడా ఓ పనే. "పిన్నిగారూ, దేవుడి గదిలోకి నేను రాను, గడప బయట నుంచే తీసుకుంటా" అంటే సాధారణంగా కాదనరు. తీసిన వాటిలో ఒక ప్రింటు వాళ్ళకిచ్చేయండి.

ఆ రాత్రే ఫైళ్ళకి పేర్లు పెట్టాలి: వీధి, ఇల్లు, గది, ఏ దిక్కుకి చూస్తూ తీశారో, తేదీ. ఒరిజినల్స్ మీద ఫిల్టర్ వేయకుండా రెండు హార్డ్‌డిస్కుల్లో, రెండు వేరే ఇళ్ళలో ఉంచండి. వివరం తెలుగుతో పాటు ఒడియాలోనూ రాయించండి. మన పిల్లల్లో చాలామంది ఇక్కడ తెలుగు మాట్లాడతారే గానీ చదవలేరు. ఇనప్పెట్టె, పెరటి తలుపు గడియ పడిన ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.