టీమ్ పెరుగుతుంటే కల్చర్ చెడకుండా చూస్కోవడం ఎలా

ఐదుగురున్న సాఫ్ట్‌వేర్ టీమ్‌లో ఇద్దరిద్దరి మధ్య లింకులు 10, అదే 20 మందైతే 190, అందుకే నోటిమాట మీద నడిచిన పనులు టీమ్ పెరిగాక తప్పిపోతాయి. ఆరేడుగురి చొప్పున విడగొట్టి, ఏ సర్వీస్ (సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో భాగం) ఎవరి బాధ్యతో రాసి పెట్టండి.

ఇక అసలు విషయం, ప్రొడక్షన్ (యూజర్లు వాడే అసలు సిస్టమ్) పడిపోయిన రోజు "ఎవరు చేశారు" అని అడగొద్దు, ఒక్కసారి అలా అడిగితే జూనియర్లు ఇంకోసారి తప్పు దాచేస్తారు, నేను కళ్లారా చూశా. గూగుల్‌లో సిస్టమ్‌లు ఆగకుండా చూసే ఎస్ఆర్ఈ టీమ్‌ల్లోలా ఎవర్నీ నిందించకుండా పోస్ట్‌మార్టమ్ (జరిగినదాని మీద రిపోర్ట్) రాయండి: ఏ టైమ్‌కి ఏం జరిగింది, అలర్ట్ ఎందుకు రాలేదు, రోల్‌బ్యాక్‌కి (పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లడానికి) ఎంతసేపు పట్టింది, ఏం మార్చాలి, అది ఎవరు ఎప్పటికి చేస్తారు. మొదటిది లీడే తన తప్పు మీద రాస్తే మిగతావాళ్లకి ధైర్యమొస్తుంది.

కోడ్ రివ్యూలు (ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు చూడటం) ఒక్కరోజు దాటనివ్వకండి. కొత్తగా చేరినవాళ్ల చిన్న ఫిక్స్ ఒకటి మొదటి వారంలోనే లైవ్‌కి వెళ్లేలా చూడండి, పక్కన ఒక సీనియర్‌ని కూర్చోబెట్టి.