వార్డులో స్కేట్‌బోర్డ్ పార్కు: స్థలం కాగితం నుంచి చీపురు దాకా

విశాఖలో స్కేటింగ్ అనగానే శివాజీ పార్కు, వుడా పార్కు రింకులే గుర్తొస్తాయి. అవి కాళ్లకు చక్రాల బూట్లు కట్టుకుని చదును నేల మీద చుట్లు తిరిగే చోట్లు. స్కేట్‌బోర్డుకు కావలసింది వేరు. ఒంపు తిరిగిన ర్యాంపులు, వాలు గట్లు, ఇనుప అంచున్న అరుగులు, వాటి మధ్య వేగం అందుకోవడానికి నున్నటి నేల ఉండాలి. అర్జీ పట్టుకెళ్లిన రోజే "రింకు ఉంది కదండీ, మళ్లీ ఇదెందుకు?" అంటారు. మాటలతో ఒప్పించబోకుండా కొలతలు వేసిన బొమ్మ ఒకటి జత చేయండి. స్కేట్‌బోర్డింగ్ 2021లో జరిగిన టోక్యో క్రీడలతో ఒలింపిక్స్‌లో చేరిందన్న వాక్యం కూడా రాయండి. డబ్బు అడిగేటప్పుడు ఆ వాక్యమే అక్కరకొస్తుంది.

ఈ పని చెడే చోట్లు రెండు. ఎవరి బాధ్యత ఏదో కాంక్రీటు పడకముందే రాసుకోకపోవడం మొదటిది. కాంట్రాక్టరు దీన్ని సీసీ రోడ్డులా పోసేయడం రెండోది. మిగతావన్నీ సర్దుకోవచ్చు.

స్థలం

స్థలం కొనొద్దు. లేఅవుట్ వేసినప్పుడు పార్కుకు, ఆటస్థలానికి వదిలిన పదో వంతు జాగాలు మధురవాడ, పెందుర్తి, గాజువాక వైపు కాలనీల్లో చూడండి. లేఅవుట్ ప్లాను నకలు, ఆ జాగాను స్థానిక సంస్థకు రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ నకలు చేతికొచ్చాకే తర్వాతి అడుగు వేయండి. పార్కుకు వదిలిన జాగాను వేరే అవసరానికి మళ్లించరాదని 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆటస్థలంగానే అడుగుతున్నారు కాబట్టి ఆ తీర్పు మీకు బలం.

బీచ్ రోడ్డుకు సముద్రం వైపు జాగా ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేయండి. అక్కడ సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) అనుమతుల చిక్కు ఉంటుంది. గాలికి కొట్టుకొచ్చే ఇసుక మరో చిక్కు: బోర్డు చక్రం కింద ఒక్క గులకరాయి పడినా చక్రం బిగుసుకుని పిల్లవాడు ముందుకు పడతాడు. గెడ్డ (వాగు) ఒడ్డు, గెడ్డ పూడ్చిన నేల కూడా పనికిరావు. పూడ్చిన మట్టి రెండు వానాకాలాల్లో కుంగి పలకలు ఎగుడుదిగుడవుతాయి. ఇళ్లకు 40, 50 మీటర్ల దూరం ఉంటే మంచిది. బోర్డు నేలను కొట్టే చప్పుడు టకటకమంటూ గుచ్చుకుంటుంది. శబ్ద నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. ఇరుగుపొరుగు పెద్దవాళ్ల దగ్గరకు అర్జీకి ముందే వెళ్లి కూర్చోండి. తర్వాత వెళితే అది సంప్రదింపు అనిపించుకోదు, సంజాయిషీ అవుతుంది.

ఆట నేల 25 మీటర్లకు 20 మీటర్లు, అంటే సుమారు 600 గజాలు, ఉంటే మొదటి పార్కుకు చాలు. కూర్చునే చోటు, చెట్లు, దారి కలిపి 20 సెంట్లు చూసుకోండి.

కమిటీ, కాగితాలు, డబ్బు

సొసైటీగా రిజిస్టర్ కావడానికి ఏడుగురు చాలు. ఆ ఏడుగురిలో కాలనీ సంక్షేమ సంఘం నుంచి ఇద్దరు, ఒక సివిల్ ఇంజనీరు, లెక్కలు చూడగల ఒకరు, ఇద్దరు తల్లులు, నిజంగా బోర్డు ఎక్కే పద్దెనిమిదేళ్లు నిండిన ఒకరు ఉండాలి. ఆ చివరి సభ్యుడు లేని కమిటీలు వాడకానికి రాని ర్యాంపులు కట్టిస్తాయి.

జీవీఎంసీకి, అంటే విశాఖ నగరపాలక సంస్థకు, సోమవారం జరిగే గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి, రసీదు నంబరు దాచుకోండి. అదే నకలు జోనల్ కమిషనర్‌కు, కార్పొరేటర్‌కు, వార్డు సచివాలయానికి ఇవ్వండి. చివరికి మీకు కావలసింది కౌన్సిల్ లేదా స్టాండింగ్ కమిటీ తీర్మానం, దాని మీద ఒప్పంద పత్రం. ఆ పత్రంలో ఈ నాలుగూ విడివిడిగా కనిపించాలి: స్థలమూ కట్టడమూ కార్పొరేషన్ ఆస్తి, కరెంటు బిల్లు ఎవరిది, ఊడ్చేదీ, అంచులకు రంగు వేయించేదీ ఎవరు, గడువు కనీసం 10 ఏళ్లు. "ఇరుపక్షాలూ కలిసి నిర్వహిస్తాయి" అని రాస్తే ఎవరూ నిర్వహించరు.

డబ్బుకు పెద్ద దారి సీఎస్‌ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. ఏడో షెడ్యూలులో ఒలింపిక్ క్రీడలకు శిక్షణ ఉంది. అక్కడి మాట "శిక్షణ" అని గమనించండి. సిమెంటు లెక్క మాత్రమే పంపితే ఫైలు తిరిగొస్తుంది. వారానికి ఎన్ని తరగతులు, ఎంతమంది పిల్లలు, అందులో మునిసిపల్ బడుల వాళ్లు ఎందరు అన్న ప్రణాళిక మొదటి పేజీలో ఉండాలి. కొత్త సొసైటీకి ఇంకో అడ్డంకి ఉంది. బయటి సంస్థ ద్వారా ఖర్చు పెట్టాలంటే దానికి మూడేళ్ల పని అనుభవం, ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ నమోదు, సీఎస్‌ఆర్ పనులకు నమోదైన సంస్థకిచ్చే సీఎస్‌ఆర్-1 నంబరు అడుగుతారు. అవన్నీ ఉన్న పాత ట్రస్టును అమలు భాగస్వామిగా తీసుకోండి. మీ సొసైటీ పర్యవేక్షణ చూసుకోవచ్చు.

ఎంపీ నిధులూ అడగొచ్చు. ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్ల వాటా ఉంటుంది. ప్రజలకు మిగిలే ఆస్తి కాబట్టి, స్థలం ప్రభుత్వానిదే కాబట్టి ఇలాంటి పని సిఫారసుకు అనువుగా ఉంటుంది.

అమెరికాలో ఉన్న మన పిల్లల చందాల దగ్గర మాత్రం జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవారు బ్యాంకు ద్వారా తమ సొంత సంపాదన పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. ఇచ్చేవారి పౌరసత్వం రసీదు పుస్తకంలో రాయించుకోండి.

అంచనాకు పైన 15 శాతం చేతిలో ఉంచుకోండి. అది చాలకపోతే పార్కును రెండు దఫాలుగా కట్టండి. తొలి దఫాలో నేల, అరుగు, వాలు గట్టు కట్టి, ఒంపు ర్యాంపులు తర్వాత వేయొచ్చు. అన్నీ ఒకేసారి నాసిగా కట్టడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం. సిమెంటు, రెడీమిక్స్, రోలర్ గంటలు వస్తురూపంలో ఇచ్చేవారి నుంచి కూడా బిల్లు నకలు తీసుకోండి.

కొలతలు

పొట్టి వైపులు రెండింటా ఒక్కో క్వార్టర్ పైప్, అంటే ఒంపు తిరిగిన ర్యాంపు, పెట్టండి. ఎత్తు 0.9 మీటరు, ఒంపు వ్యాసార్థం 2 మీటర్లు, అడుగున పట్టే చోటు 1.67 మీటర్లు, పైన నిలబడే అరుగు 1.5 మీటర్లు. వ్యాసార్థం తగ్గిస్తే ఒంపు గోడలా నిలబడి, నేర్చుకునే పిల్లలు భయపడతారు. రెండింటి మధ్య ఇంకా 18 మీటర్లకు పైగా చదును మిగులుతుంది. అందులో 30 సెంటీమీటర్ల ఎత్తు అరుగు ఒకటి, ఒక పక్కకు 20 డిగ్రీల వాలు గట్టు. చదునును ఇంకా నింపాలనిపిస్తుంది, నింపకండి. తోసుకుని వేగం అందుకోవడానికి ప్రతి అడ్డంకి ముందూ 6 నుంచి 8 మీటర్లు ఖాళీ కావాలి. లోపలికి వచ్చే దారి ర్యాంపుకు ఎదురుగా ఉండకూడదు. ర్యాంపు వెనక అంచుకు 1.1 మీటర్ల రెయిలింగ్ పెట్టండి.

కాంక్రీటు

అసలు పని ఇక్కడుంది. ముందు సరుకు లెక్క: 15 సెంటీమీటర్ల మందాన నేలకు 75 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది, అంటే 6 ఘనపు మీటర్ల మిల్లర్లు (కాంక్రీటు కలుపుతూ తెచ్చే లారీలు) 13. దాని కింద 15 సెంటీమీటర్లు కంకర పొర. రోలర్‌తో తొక్కించాక 75 ఘనపు మీటర్లు నిలవాలంటే దాదాపు 95 తోలించాలి. 10 ఎంఎం రాడ్లు 20 సెంటీమీటర్లకొకటి నిలువూ అడ్డమూ వేస్తే అతుకులతో కలిపి 3.3 టన్నులు. ర్యాంపులు, అరుగుల లెక్క వేరు.

సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు, నీరు–సిమెంటు నిష్పత్తి 0.45 మించకూడదు. ఇక్కడ స్లాగ్ సిమెంటు వాడటం మంచిది. ఉప్పు లోపలికి దిగి రాడ్లు తుప్పు పట్టడాన్ని అది ఆలస్యం చేస్తుంది. అయితే అది బలం పుంజుకోవడం నిదానం, కాబట్టి 14 రోజులు తడి ఆరనివ్వకూడదు. నది ఇసుక దొరక్కపోతే రోబో శాండ్ పర్వాలేదు. బీచ్ ఇసుక మాత్రం ససేమిరా వద్దు.

రాడ్ల జాలీ పైనుంచి 5 సెంటీమీటర్ల లోతులో ఉండాలి. పగుళ్లు మొదలయ్యేది పైన. జాలీని ఎత్తిపట్టే ఇనుప కాళ్లు, అంటే చైర్లు, దగ్గరదగ్గరగా పెట్టకపోతే పోత పోసేవాళ్ల కాళ్ల కింద జాలీ అడుక్కి దిగిపోతుంది, అప్పుడు అది ఉన్నా లేనట్టే.

ఒంపులు, అరుగులు ముందు, చదును నేల చివర. ఒంపుకు అచ్చు ఇలా: 12 ఎంఎం ప్లైవుడ్ పలక మీద మేకు కొట్టి, 2 మీటర్ల సాగని తీగతో గీత గీసి కోయండి. అలాంటివి 1.2 మీటర్లకొకటి నిలబెట్టి, వాటి మీద తిన్నని చెక్కను జరుపుతూ ఒంపును తీర్చాలి. కాంక్రీటు గట్టిగా, స్లంప్ (తడి కాంక్రీటు ఎంత కుంగుతుందో చూపే కొలత) 25 నుంచి 50 ఎంఎం ఉండాలి, లేకపోతే జారిపోతుంది. కొండవాలులకూ ఈత కొలనులకూ గునైట్ (గొట్టంతో చిమ్మే కాంక్రీటు) కొట్టే బృందం దొరికితే ఒంపుల పని వాళ్లకివ్వండి.

ర్యాంపు పెదవికి 60 ఎంఎం వెలుపలి వ్యాసం ఉన్న ఇనుప గొట్టం, అంటే కోపింగ్, బిగించాలి. అది అరుగు మట్టానికి 6 ఎంఎం పైకి, ఒంపు ముఖానికి 6 ఎంఎం ముందుకు రావాలి. ఎక్కువ పొడుచుకొస్తే చక్రం తగిలి ఆగుతుంది, లోపలికి పోతే బోర్డుకు పట్టు దొరకదు. వెల్డింగు అంతా అయ్యాకే గాల్వనైజింగ్‌కు పంపండి. ముందు పూత వేసి తర్వాత అతికిస్తే అతుకు దగ్గర జింకు కాలిపోతుంది, ఉప్పుగాలికి ముందుగా తుప్పు పట్టేది అక్కడే.

చదును నేలను 7 వరసలు, 6 వరసలుగా 42 పలకలు చేసి, 245 మీటర్ల కోత పెట్టాలి. లోతు 4 సెంటీమీటర్లు, వెడల్పు 3, 4 ఎంఎం. బోర్డు చక్రాలు 52, 54 ఎంఎం ఉంటాయి, వెడల్పు సందులో తట్టుకుంటాయి. తెల్లవారుజామున పోస్తే సాయంత్రానికి కోత మొదలుపెట్టొచ్చు. కట్టరు పెట్టినప్పుడు కంకర ఊడొస్తుంటే ఇంకా తొందర, గంట ఆగండి. మర్నాటికి వదిలేస్తే నేల తనకు నచ్చిన చోట చీలుతుంది. వాన నీరు పోవడానికి 1 నుంచి 1.5 శాతం వాలు చాలు.

పైముఖం పవర్ ట్రోవెల్‌తో (నేలను నునుపు చేసే మోటారు తాపీతో) అద్దంలా రావాలి. 3 మీటర్ల పట్టీ పెడితే ఎక్కడా 3 ఎంఎం సందు మించకూడదు. చీపురు గీతలు, టైల్స్, పేవర్ బ్లాకులు వద్దు. మేస్త్రిని పక్కనే ఉండి ఆపవలసినవి రెండు: మిల్లర్‌లో నీళ్లు కలపడం, నునుపు కోసం పైన పొడి సిమెంటు చల్లడం. పొడి చల్లిన పొర ఏడాది తిరక్కుండా పొలుసులుగా లేస్తుంది. క్యూరింగుకు చదును మీద నీళ్లు కట్టండి, ఒంపుల మీద తడి గోనె పట్టాలు కప్పండి. 75 ఘనపు మీటర్లకు 5 శాంపిళ్లు, ఒక్కోదానికి 3 క్యూబులు 28 రోజుల పరీక్షకు తీయాలి. 7 రోజులకు వేరేగా తీయించండి. చివరి బిల్లు ఆ ఫలితాలు వచ్చాకే.

పోతకు డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలు అనువు. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరికి ఏం చేసిందో తెలిసినవారు రేకుల కప్పు ఆలోచన పెట్టుకోరు. నీడ చూసేవాళ్లు కూర్చునే చోట ఉంటే చాలు. ఎండ పొద్దుల్లో ఎలాగూ ఆడలేరు. ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 5 నుంచి రాత్రి 9 దాకా అని బోర్డు పెట్టి, అందుకు తగ్గ దీపాలు వేయించండి.

తెరిచాక

మధ్యప్రదేశ్ పన్నా జిల్లా జన్వార్ గ్రామంలో ఉల్రికే రైన్‌హార్డ్ 2015లో మొదలుపెట్టిన స్కేట్ పార్కుకు రెండే నియమాలు: బడికి వెళ్లకపోతే బోర్డు లేదు, ఆడపిల్లలకే ముందు. రెండోది ఇక్కడా మొదటి రోజు నుంచే పెట్టండి. లేకపోతే పెద్ద కుర్రాళ్లు ర్యాంపులు ఆక్రమించుకుని, నెల తిరిగేసరికి అమ్మాయిలు రావడం మానేస్తారు. కమిటీ తరఫున 15 హెల్మెట్లు, మోకాలి, మోచేతి ప్యాడ్లు అక్కడే ఉంచండి. మోటార్‌సైకిల్ హెల్మెట్ దీనికి పనికిరాదు. 108 నంబరు, దగ్గరి ఆసుపత్రి దారి గేటు మీద రాయించండి.

ఊడ్చే మనిషికి నెల జీతం, రెండేళ్లకోసారి కోపింగ్‌కు రంగు, సందుల్లో నింపే సీలెంటు కోసం కట్టుబడి ఖర్చులో 3 నుంచి 5 శాతం ఏటా పక్కన పెట్టండి. మొదటి వానాకాలం దాటగానే ప్రతి పలక మూల మీదా నాణెం నిలువుగా దొర్లించి చూడండి. ఆగిన చోట సున్నం గీత పెట్టి, ఆ అంచును గ్రైండరుతో అరగదీయించండి. అది ఒక పూట పని.