ఫైళ్లు సెలెక్ట్ చేసినా స్క్రిప్ట్‌కు అందడం లేదా? మ్యాక్ ఆటోమేటర్‌లో ముందు లెక్క చూడండి

పెళ్లిళ్ల సీజన్‌లో గుంటూరు అరండల్‌పేట నుంచి ఒక స్టూడియో కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, నలభై ఫోటోలు సెలెక్ట్ చేసి క్విక్ యాక్షన్ కొడితే ఏమీ అవ్వట్లేదు. ఎర్రర్ కూడా రావట్లేదు." రాత్రికల్లా పార్టీకి ఫోటోలు పంపాలి, టెన్షన్ పడుతున్నాడు. ఆటోమేటర్ అంటే మ్యాక్‌లో పనులను వరసగా తానే చేసిపెట్టే యాప్. అందులో తయారుచేసుకుని, ఫైండర్‌లో (మ్యాక్‌లో ఫైళ్లు చూసే చోటు) ఫైళ్లు సెలెక్ట్ చేసి నడిపేదే క్విక్ యాక్షన్. ఫైళ్లను ఏం చేయాలో చెప్పే కమాండ్లు దాని లోపలి స్క్రిప్ట్‌లో ఉంటాయి. అప్పటికే ఆ స్క్రిప్ట్‌ను మూడుసార్లు మార్చాడట.

స్క్రిప్ట్ జోలికి అప్పుడే వెళ్లొద్దు. దాని దాకా ఎన్ని ఫైళ్లు వచ్చాయో ముందు తేల్చుకోవాలి. పాత స్క్రిప్ట్‌ను వేరేచోట దాచి, రన్ షెల్ స్క్రిప్ట్ పెట్టెలో (షెల్ అంటే కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) ఎకో (echo) కమాండ్ రాసి దాని పక్కన "$#" పెట్టండి. ఆర్గ్యుమెంట్లుగా, అంటే స్క్రిప్ట్ చేతికి నేరుగా, ఎన్ని అందాయో ఆ అంకె చెబుతుంది. ఆటోమేటర్ లోపలి నుంచి నడిపితే క్విక్ యాక్షన్‌కు ఫైండర్ సెలెక్షన్ రాదు. అందుకే రన్ షెల్ స్క్రిప్ట్ పైన గెట్ స్పెసిఫైడ్ ఫైండర్ ఐటమ్స్ యాక్షన్ పెట్టి, అందులో మూడు ఫోటోలు వేసి నడపండి. జవాబు రన్ షెల్ స్క్రిప్ట్ కింద ఉన్న రిజల్ట్స్‌లో కనిపిస్తుంది. ఆ మూడూ కాపీలే అయి ఉండాలి. సైజు తగ్గించడానికి చాలామంది వాడే సిప్స్ కమాండ్, కొత్త ఫైలు ఎక్కడ పెట్టాలో చెప్పకపోతే ఒరిజినల్‌నే మార్చేస్తుంది.

లెక్క 0 వస్తే

ఆ కుర్రాడికి వచ్చింది ఇదే. రన్ షెల్ స్క్రిప్ట్‌లో కుడివైపు పైన పాస్ ఇన్‌పుట్ అనే మెనూ ఉంటుంది. మనం ముట్టుకోకపోతే అది టు స్టడ్ఇన్ (to stdin) మీదే ఉంటుంది. అప్పుడు ఫైళ్ల దారులు (ఏ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే చిరునామాలు) లైనుకొకటి చొప్పున స్టాండర్డ్ ఇన్‌పుట్‌లోకి, అంటే స్క్రిప్ట్ తానే చదువుకోవాల్సిన చోటికి వెళ్తాయి. స్క్రిప్టేమో "$@" మీద లూప్ తిప్పుతూ (ఒక్కో ఫైలుకూ అదే పని మళ్లీ చేస్తూ) ఆర్గ్యుమెంట్ల కోసం చూస్తుంది. అక్కడ ఏమీ లేవు కాబట్టి లూప్ ఒక్కసారి కూడా తిరగదు. షెల్ దృష్టిలో అది తప్పు కాదు, అందుకే ఎర్రర్ రాదు. మనిషిని ఎక్కువగా తిప్పలు పెట్టేది ఈ మౌనమే.

మెనూను యాజ్ ఆర్గ్యుమెంట్స్‌కి మార్చండి, చాలు. స్టడ్ఇన్‌లోనే ఉంచాలనుకుంటే స్క్రిప్ట్ వైల్ రీడ్ లూప్‌తో లైను లైనుగా చదవాలి. నా సలహా మాత్రం ఆర్గ్యుమెంట్లే.

లెక్క సరిగ్గా ఉన్నా ఒక్క ఫోటోనే మారితే

పాత స్క్రిప్ట్‌ను తిరిగి పెట్టి నడిపాక ఇలా అయితే, అందులో "$1" రాసి ఉంటారు. అంటే మొదటి ఫైలు ఒక్కటే. "$@" మీద ఫర్ లూప్ పెట్టండి.

అలాంటి ఫైలే లేదని ఎర్రర్ వస్తే

ఫైలు పేరు చూడండి. "పెళ్లి కూతురు 12" లాంటి పేరులో రెండు ఖాళీలున్నాయి. కోట్స్ లేకుండా రాస్తే బాష్ అనే షెల్ దాన్ని మూడు ముక్కలు చేసి మూడు వేర్వేరు ఫైళ్లు అనుకుంటుంది. జెడ్‌షెల్ అనే ఇంకో షెల్ ఇలా విడగొట్టదు. 2019లో కాటలీనా అనే మ్యాక్ ఓఎస్ వెర్షన్ వచ్చినప్పటి నుంచి మ్యాక్‌లో డిఫాల్ట్ షెల్ అదే. అందుకే టెర్మినల్‌లో చక్కగా నడిచిన స్క్రిప్ట్, బాష్ ఎంచుకుని ఉన్న పాత వర్క్‌ఫ్లోలో తన్నేస్తుంది. షెల్ ఏదైనా సరే, "$@"కీ, లూప్ లోపల వాడే వేరియబుల్‌కీ డబుల్ కోట్స్ తప్పకుండా పెట్టండి. ఒకచోట పెట్టి ఇంకోచోట మరిచిపోవడమే నేను ఎక్కువగా చూసిన పొరపాటు.

కమాండ్ నాట్ ఫౌండ్ అంటే

ఆటోమేటర్ మీ టెర్మినల్ సెట్టింగులు చదవదు. హోమ్‌బ్రూతో (మ్యాక్‌లో ప్రోగ్రాములు వేసుకునే సాధనం) వేసుకున్న ఇమేజ్‌మ్యాజిక్ లాంటి ఫోటో ప్రోగ్రాములు ఎక్కడున్నాయో దానికి తెలియదు. టెర్మినల్‌లో విచ్ (which) కమాండ్ పక్కన ఆ ప్రోగ్రామ్ పేరు కొడితే పూర్తి దారి వస్తుంది. స్క్రిప్ట్‌లో ఆ దారే రాయండి. ఇంటెల్ మ్యాక్ నుంచి ఎమ్1 లేదా ఆ తర్వాతి మ్యాక్‌కు మారినవాళ్లు మళ్లీ చూసుకోవాలి, రెండింటిలో హోమ్‌బ్రూ ఫోల్డర్ వేరు.

అన్నీ కుదిరాక, పరీక్ష కోసం పెట్టిన గెట్ స్పెసిఫైడ్ ఫైండర్ ఐటమ్స్‌ను తీసేసి సేవ్ చేయండి. అది అక్కడే ఉంటే మీరు ఎవరి ఫోటోలు సెలెక్ట్ చేసినా వాటితో పాటు ఆ మూడూ ప్రతిసారీ స్క్రిప్ట్‌లోకి వెళ్తూనే ఉంటాయి.