డీలర్‌షిప్ సాఫ్ట్‌వేర్‌కు పేమెంట్ గేట్‌వేను అనుసంధానించడం

కోడ్ రాయడానికి ముందే, డీలర్‌షిప్‌కు డబ్బు ఏయే దారుల్లో వస్తుందో గుర్తించాలి. బుకింగ్ అడ్వాన్సు, డౌన్ పేమెంట్, సర్వీసు బిల్లు, విడిభాగాల అమ్మకం లెడ్జర్‌లో వేర్వేరు ఖాతాలకు చేరాలి. వాహనం అప్పగించేదాకా అడ్వాన్సు ఆదాయం కాదు, కస్టమర్‌కు మనం బాకీ ఉన్న సొమ్ము. దాన్ని నేరుగా అమ్మకాల ఖాతాలో జమచేస్తే, రద్దయిన ప్రతి బుకింగూ అకౌంటెంటుకు తలనొప్పే.

కార్డు నంబరును సాఫ్ట్‌వేర్‌లో నిల్వ చేయకూడదు. గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులను నడిపే సేవ) పేజీలోనే వివరాలు నింపించి, తిరిగి వచ్చే టోకెన్‌ను (కార్డు నంబరుకు బదులు వాడే సంకేతాన్ని) మాత్రమే దాచుకుంటే, కార్డు సమాచార భద్రతకు ఉద్దేశించిన పీసీఐ డీఎస్‌ఎస్ ప్రమాణాల కింద మన మీద పడే భారం చాలా తగ్గుతుంది.

అసలు చిక్కంతా వెబ్‌హుక్‌ల దగ్గరే, అంటే చెల్లింపు సంగతి తెలుపుతూ గేట్‌వే మన సాఫ్ట్‌వేర్‌కు తనంతట తానే పంపే సందేశాల దగ్గరే. సకాలంలో జవాబు అందకపోతే గేట్‌వే అదే సందేశాన్ని మళ్లీ పంపుతుంది కాబట్టి, లావాదేవీ ఐడీని ముందుగా డేటాబేస్‌లో వెతికి, అది అప్పటికే నమోదై ఉంటే రెండో రసీదు సృష్టించకుండా 200 కోడ్‌తో (సందేశం అందిందని తెలిపే సంకేతంతో) జవాబిచ్చి ఊరుకోవాలి. సందేశంతో వచ్చే డిజిటల్ సంతకాన్ని సరిచూడనిదే ఏ ఇన్‌వాయిస్‌నూ చెల్లింపు పూర్తయినట్టు గుర్తించకూడదు. కస్టమర్ బ్రౌజర్‌లో కనిపించిన 'చెల్లింపు విజయవంతం' పేజీని సాక్ష్యంగా తీసుకోవడం మరీ ప్రమాదకరం.

గేట్‌వే రుసుము మినహాయించుకుని జమచేసే పద్ధతి ఉన్నచోట, 50,000 బిల్లుకు 49,000 వస్తే, మిగిలిన 1,000 ఖర్చు ఖాతాకు వెళ్లాలి గాని కస్టమర్ బకాయిగా కనిపించకూడదు.

శాండ్‌బాక్స్‌లో (అసలు డబ్బు కదలని పరీక్షా వాతావరణంలో) పాక్షిక రీఫండ్, మధ్యలో తెగిన నెట్‌వర్క్, రెండుసార్లు వచ్చిన వెబ్‌హుక్ వంటి సందర్భాలను పరీక్షించి, ముందు సర్వీసు కౌంటర్‌లో మాత్రమే ప్రారంభించడం మేలు. అక్కడి బిల్లులు చిన్నవి, సంఖ్య ఎక్కువ.