మీటర్ ముల్లు తప్పు చూపిస్తుంటే

కారు మీటర్ విప్పి సొంతంగా బల్బులు మార్చాక ముల్లు మధ్యలో ఆగిపోతోందా? ముల్లును తిప్పే చిన్న మోటారు పోయిందని వెంటనే కొత్త మీటర్ కొనెయ్యకండి. ముల్లు తిరిగి పెట్టేటప్పుడు మరీ లోతుగా నొక్కేస్తే డయల్‌కి రాసుకుంటుంది. విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉండాలి. చేత్తో మాత్రం తిప్పొద్దు, లోపలి ప్లాస్టిక్ పళ్లు చాలా సున్నితం.

స్పీడ్ సరిచూడాలంటే శ్రీకాకుళం నుంచి ఎచ్చెర్ల వైపు హైవే ఎక్కి, పక్కనున్నవారిని ఫోన్‌లో జీపీఎస్ వేగం చూడమనండి. మీటర్ కాస్త ఎక్కువ చూపించడం మామూలే. 40 దగ్గరా 80 దగ్గరా తేడా ఒకేలా ఉంటే ముల్లు పక్కకి బిగిసినట్టే. తీసి మళ్లీ పెట్టండి. ఏ ముల్లూ కదలకపోతే మొదట మీటర్ వెనకున్న కనెక్టర్, తర్వాత ఫ్యూజు చూడండి.