కౌంటర్‌సింక్ టూల్‌పాత్ ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

కౌంటర్‌సింక్ అంటే స్క్రూ తల లోపలికి కూర్చునేలా రంధ్రం పైఅంచున కోన్ ఆకారంలో వేసే కోత. దాన్ని కోయడానికి సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషీన్‌లో టూల్ కదిలే దారే టూల్‌పాత్.

కోణం: మెట్రిక్ స్క్రూకి 90 డిగ్రీలు, అంగుళాల స్క్రూకి 82, విమాన భాగాలకు ఎక్కువగా 100. డ్రాయింగ్ చూడకుండా మ్యాగజైన్‌లో (మెషీన్ టూల్స్ పెట్టే అరలో) ఉన్న టూల్‌తో వేస్తే జాబ్ స్క్రాప్ కావచ్చు. 90కి 82 వేశాక మళ్లీ సరిచేసే దారి దాదాపు ఉండదు.

లోతు: టూల్ మొనను సూదిగా ఊహించి లెక్క వేయొద్దు. 90 డిగ్రీల టూల్ మొన 2 మి.మీ. చదునుగా ఉంటే, 13 మి.మీ. వ్యాసానికి లోతు 6.5 కాదు, (13−2)÷2, అంటే 5.5. ఇక్కడ జెడ్‌లో (లోతు దిశలో) 0.1 తప్పితే పైన వ్యాసంలో 0.2 తేడా. అందుకే మొదటి రంధ్రం కాస్త తక్కువ లోతుకు వేసి, కొలిచి, ఆఫ్‌సెట్ (మెషీన్‌లో టూల్‌కి ఇచ్చే సవరణ విలువ) సరిచేయడం మేలు.

అడుగు: బ్లైండ్ (అవతలి వైపుకు తెరుచుకోని) రంధ్రమైతే మొన అడుగును తాకుతుందేమో చూడండి.

చిన్న రంధ్రాలకు టూల్‌ను నేరుగా దించి, అడుగున కాసేపు ఆపే ప్రోగ్రామ్ కోడ్ జి82 చాలు. అడుగున ఒకటి రెండు చుట్లు ఆగితే అంచు గుండ్రంగా వస్తుంది. 500 ఆర్‌పీఎం దగ్గర రెండు చుట్లంటే పావు సెకనే. ఎక్కువసేపు ఆపితే టూల్ రుద్దుకుని గీతలు పడతాయి.

పెద్ద రంధ్రాలకు చాంఫర్ మిల్‌తో (అంచును వాలుగా కోసే కోన్ ఆకారపు టూల్‌తో) వృత్తాకార పాత్ మంచిది, ఎందుకంటే టూల్ మొత్తం ఒకేసారి ఆనితే చాటర్ (టూల్ అదురు) తప్పదు. మొనతో కాదు, కోన్ మధ్యభాగంతో కోయించండి. మొన దగ్గర కటింగ్ స్పీడ్ దాదాపు ఉండదు.

బాల్ మిల్‌తో (గుండ్రటి మొన టూల్‌తో) మెట్లుమెట్లుగా దించే 3డి పాత్‌ను క్యామ్ (టూల్‌పాత్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఇవ్వొచ్చు. సరైన కోణం టూల్ లేనప్పుడు తప్ప దాని జోలికి పోవద్దు: టైమ్ ఎక్కువ, ఫినిష్ తక్కువ.

రంధ్రాల మధ్య క్లాంప్ (జాబ్‌ను పట్టి ఉంచే బిగింపు) ఉంటే జి99 కాదు, జి98: జి99తో టూల్ రంధ్రానికి కాస్త పైకి మాత్రమే వస్తుంది, జి98తో మొదలుపెట్టిన ఎత్తు దాకా లేస్తుంది.