పాత ఒలింపియా ఆటల్నీ ఇప్పటి ఒలింపిక్స్‌నీ ఎలా పోల్చాలి

ముందు టార్చ్‌నీ మారథాన్‌నీ పక్కన పెట్టేయండి. చాలామంది అక్కడే మొదలుపెడతారు కానీ ప్రాచీన గ్రీసులోని ఒలింపియాలో జరిగిన ఆటల్లో అవి లేవు; మారథాన్ పరుగు 1896 ఏథెన్స్‌లో, టార్చ్ రిలే 1936 బెర్లిన్‌లో వచ్చాయి.

తర్వాత గెలుపంటే ఏమిటో చూడండి, అసలు తేడా అక్కడే ఉంది. ఒలింపియాలో మొదటివాడికే ఆలివ్ కొమ్మల కిరీటం, రెండు, మూడు స్థానాలకు ఏమీ లేదు. ఆడవాళ్లు బరిలో దిగే వీలే లేదు; స్పార్టా రాజకుమారి కినిస్కా క్రీ.పూ. 396లో రథాల పందెం గెలిచింది కూడా గుర్రాల యజమానిగానే, రథం తోలింది వేరేవాళ్లు. ఇప్పుడు 2000 సిడ్నీలో మన కరణం మల్లీశ్వరి తెచ్చిన కాంస్యాన్ని తలుచుకోండి. ఆడమనిషి, పైగా మూడో స్థానం, అప్పటి లెక్కలో ఆ పతకానికి చోటే లేదు! ఈ ఒక్క ఉదాహరణ చెబితే పిల్లలకు కూడా విషయం ఇట్టే అర్థమవుతుంది.

డబ్బు దగ్గర జాగ్రత్త. ఆకుల కిరీటం చూసి వాళ్లకు ఇంకేమీ ముట్టలేదనుకోకండి, ఏథెన్స్‌లో విజేతలకు నగరం ఖర్చుతోనే భోజనం పెట్టేవారు. మోసాలూ ఉన్నాయి. మోసగాళ్ల జరిమానా సొమ్ముతో జియూస్ దేవుడి కంచు విగ్రహాలు చేయించి స్టేడియానికి వెళ్లే దారిలో వరసగా నిలబెట్టారు, వాటి పీఠాలు ఇప్పటికీ అక్కడ కనిపిస్తాయి.

చివరిగా, ఆటల కోసం యుద్ధాలన్నీ ఆగిపోయేవని మాత్రం రాయకండి. ఆటల సమయంలో పాటించే సంధి ముఖ్యంగా ఒలింపియాకి వచ్చిపోయేవాళ్లకు దారిలో రక్షణ కోసం. మన కాలంలో అయితే 1916, 1940, 1944 ఒలింపిక్స్‌నే యుద్ధాల వల్ల రద్దు చేశారు.